ఏనుగు చేసిందెవరు?

మా ఆఫీసు ముందు లాన్‌లో ఒక ఏనుగుంది. నిజం ఏనుగు కాదులెండి, సిమెంటుది. తొండం పైకెత్తి, ముందు కాలు కొంచెం ముందుకేసి నిలబడి ఉంటుంది. పక్కన ఒక గున్న. శ్రీ సిటీలో ఉద్యోగంలో చేరిన కొత్తలో భోజనాలయ్యాక అందరం దాని చుట్టూ ఒక రౌండు వేసి, మళ్లీ వచ్చి సీట్లలో కూలబడేవాళ్లం. కొత్తగా చేరినవాళ్లు ఆ ఏనుగు పక్కన ఫొటో దిగడం మా దగ్గర ఒక ఆచారం.

ఒకరోజు మా టీమ్‌లో ఒకతను "ఇది చైనా నుంచి తెప్పించుంటారు, ఇంత ఫినిషింగు మనవాళ్లకెక్కడిది" అన్నాడు. "కాదు, మా మామ చేశాడు" అన్నాను నేను. అందరూ పెద్ద జోకు విన్నట్టు నవ్వారు. నేనూ నవ్వేశాను. కానీ అది జోకు కాదు.

మా మేనమామ శిల్పి. పదో తరగతి అయ్యాక తిరుపతిలో టీటీడీ వాళ్ల శిల్ప శిక్షణ సంస్థలో చేరాడు. 1960లో మొదలైన సంస్థ అది. ఆలయ నిర్మాణం, రాతి శిల్పం, సుధ శిల్పం, లోహ శిల్పం, కొయ్య శిల్పం, సంప్రదాయ చిత్రలేఖనం ఇలా విభాగాలుంటాయి. డిప్లొమా నాలుగేళ్లు, అంటే మన బీటెక్కు ఎన్నేళ్లో అన్నేళ్లే :). మామది సుధ. గోపురాల మీద రంగురంగుల బొమ్మలు చూస్తారు కదా, ఆ పని. ఇదివరకు సున్నంతో చేసేవారు, ఇప్పుడు ఎక్కువగా సిమెంటు. ఇనప కడ్డీలతో అస్థిపంజరం కట్టి, దానికి తీగ వల చుట్టి, తాపీతో పొర మీద పొర వేసుకుంటూ పోవడం.

గోపురం పని ఏడాది పొడుగునా దొరకదు. దొరకని నెలల్లో మామ తోట బొమ్మలు చేస్తాడు. జింకలు, కొంగలు, కుందేళ్లు, నీళ్ల కుండ పట్టుకున్న అమ్మాయి, కళ్లు మూసుకున్న బుద్ధుడి తల. లాండ్‌స్కేపింగు కాంట్రాక్టరు ఫోన్ చేస్తాడు, మామ చేస్తాడు, లారీ వచ్చి పట్టుకెళ్తుంది. ఎక్కడికి పోయిందో మామకి తెలీదు. మా ఆఫీసు ఏనుగు సంగతి తెలిసింది కూడా, దింపేటప్పుడు కాలు బీట ఇస్తే అతుకు వెయ్యడానికి మామే స్వయంగా రావాల్సొచ్చింది కాబట్టి. అప్పట్నుంచీ ఫోన్ చేసినప్పుడల్లా మొదటి ప్రశ్న ఒకటే.. "ఏమిరా అల్లుడూ, మన ఏనుగు ఎట్లుండాది?"

ఇంతకీ ఈ టపా ఎందుకంటే, కొన్నాళ్ల కిందట జపాన్ నుంచి ఒకాయన మా ప్లాంటు చూడ్డానికి వచ్చాడు. శ్రీ సిటీలో జపాన్ కంపెనీలు చాలానే ఉన్నాయి. ఇసుజు, కొబెల్కో, డైకిన్.. వాళ్ల మనుషులు రావడం కొత్తేం కాదు. ఈయన మీటింగు అయ్యాక లాన్‌లోకి నడిచి, ఏనుగు ముందు ఆగి, ఎవరు చేశారని అడిగాడు. మావాళ్లు కాంట్రాక్టు సంస్థ పేరు చెప్పారు. ఆయన తల ఊపి మళ్లీ అడిగాడు, "అది కంపెనీ కదా, చేసిన మనిషి ఎవరు?" ఎవరూ మాట్లాడలేదు. నేను నాలుగో వరసలో ల్యాప్‌టాప్ పట్టుకుని నిలబడి ఉన్నాను. నేనూ మాట్లాడలేదు. మేనేజరు ముందు "మా మామండీ" అంటే ఎలా ఉంటుందో అని సిగ్గేసింది.

ఆ సిగ్గు నన్ను చాన్నాళ్లు వదల్లేదు. అసలు మన దగ్గర బొమ్మ చేసినవాడి పేరు ఎందుకుండదు అని చదవడం మొదలుపెట్టాను. చదివిందంతా ఇక్కడ పెడుతున్నాను. కాస్త పొడుగైంది, ఓపిక చేసుకోండి.

*

2024 బ్రహ్మోత్సవాలప్పుడు (అక్టోబరు 4 నుంచి 12) మామతో కలిసి తిరుమల వెళ్లాను. దర్శనం సంగతి అందరికీ తెలిసిందే. కానీ బ్రహ్మోత్సవాల్లో కల్యాణవేదిక దగ్గర ఒక ప్రదర్శన పెడతారని మీలో ఎంతమందికి తెలుసు? ఉద్యానవన విభాగం వాళ్ల పూలూ పండ్లూ ఒకపక్క, శిల్ప శిక్షణ సంస్థ వాళ్ల విగ్రహాలు ఒకపక్క. పూలతో అల్లిన పురాణ ఘట్టాలు, కూరగాయలతో చెక్కిన బొమ్మలు, ఇసక శిల్పం, వాటి పక్కనే రాతివీ, కొయ్యవీ. మనకి ఈ చుట్టుపక్కల తోటనీ శిల్పాన్నీ ఒకేచోట చూపించే పెద్ద ప్రదర్శన ఏదన్నా ఉందంటే నాకు తెలిసి అదే.

జనం బాగా వచ్చారు. ప్రతి బొమ్మ ముందూ సెల్ఫీ. నేను గంటసేపు ఒక మూల నిలబడి గమనించాను. "ఎంత బావుందో" అన్నవాళ్లున్నారు, "రేటెంతుంటుంది" అన్నవాళ్లున్నారు, "ఇది రాయా సిమెంటా" అని గోటితో గీకి చూసినవాళ్లూ ఉన్నారు. ఎవరు చేశారు అని అడిగినవాడు ఒక్కడు లేడు. మామతో అంటే, "దేవుడి బొమ్మకి ఎవుడు జేసినాడని అడుగుతారా ఎవరైనా" అన్నాడు తేలిగ్గా.

ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా దీని దగ్గరికి.

తమాషా ఏమిటంటే, అదే కొండ మీద ఒక తోటమాలి పేరు మాత్రం తొమ్మిది వందల ఏళ్లు దాటినా జనం మర్చిపోలేదు. అనంతాళ్వారు. రామానుజాచార్యుల శిష్యుడు. తిరుమలలో ఉండి స్వామికి పూల కైంకర్యం ఎవరు చేస్తారని గురువుగారు అడిగితే, ఆ చలికీ ఆ అడవికీ జడవకుండా నేను చేస్తానని లేచినవాడని చెప్తారు. కొండ మీద తోట వేశాడు. తోటకి నీళ్లు కావాలని భార్యతో కలిసి చెరువు తవ్వాడు. ఆవిడ అప్పుడు నిండు గర్భిణి. ఒక పిల్లవాడొచ్చి మట్టి తట్ట అందుకుంటుంటే, నా సేవలో వేలు పెడతావా అని అనంతాళ్వారు కోపంతో గునపం విసిరాడట. అది పిల్లవాడి గడ్డానికి తగిలింది. తర్వాత గుళ్లోకి వెళ్లి చూస్తే స్వామి గడ్డం నుంచి రక్తం! అందుకే స్వామి గడ్డానికి పచ్చకర్పూరం అద్దుతారని కథ. ఆ గునపం ఇప్పటికీ మహాద్వారం దగ్గర గోడకి వేలాడుతూ ఉంటుంది. క్యూలో తోపులాటలో మనం తలెత్తి చూడం గానీ..

ఇంకో కథ ఇంకా బావుంటుంది. రాత్రిపూట తోటలో పూలు మాయమవుతుంటే అనంతాళ్వారు కాపు కాశాడు. ఒక జంట దొరికింది. అమ్మాయిని పట్టుకుని చెట్టుకి కట్టేశాడు. అబ్బాయి అప్రదక్షిణంగా పరిగెత్తి గుళ్లో మాయమయ్యాడు. తెల్లారి చూస్తే అమ్మవారు గుళ్లో లేదు! ఈ కథకి గుర్తుగా బ్రహ్మోత్సవాలు అయిన మర్నాడు 'బాగ్ సవారి' చేస్తారు. స్వామి అప్రదక్షిణంగా అనంతాళ్వారు తోటకి వచ్చి వెళ్తాడు. అంటే ఏడాదికోసారి దేవుడే తోటమాలి ఇంటికి వస్తాడన్నమాట.

కథలో ఎంత చరిత్ర, ఎంత కల్పన అన్నది వదిలెయ్యండి. నాకు ముఖ్యం అనిపించింది ఒకటే. పూలు రోజు గడిస్తే వాడిపోతాయి. అంత త్వరగా పోయే పనిచేసినవాడి పేరు నిలిచింది. అదే గుళ్లో, వందల ఏళ్లు చెక్కు చెదరని పని చేసినవాళ్ల పేర్లు మాత్రం మనకి అందలేదు.

ఉదాహరణ చెప్తాను. గుళ్లో అడుగుపెట్టగానే పక్కనే కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడి ఉంటారు. లోహపు బొమ్మలు. రాయలు 1513 నుంచి 1521 మధ్య ఏడుసార్లు తిరుమల వచ్చాడు. ఆ బొమ్మల భుజాల మీద పేర్లు చెక్కి ఉన్నాయి. ఎవరి పేర్లు? రాజువీ, రాణులవీ. పోతపోసినవాడి పేరు లేదు. ఆ మొహాల్లో ఆ నిబ్బరం తెచ్చిన చెయ్యి ఎవరిదో మనకి తెలీదు.

*

తిరుమల దిగి మా అమ్మమ్మగారి ఊరివైపు, ఏర్పేడు దగ్గర గుడిమల్లం ఉంది. పరశురామేశ్వర ఆలయం. మీలో శ్రీకాళహస్తి వెళ్లినవాళ్లుంటారు, ఈసారి వెళ్లినప్పుడు దీనికోసం ఒక గంట కేటాయించుకోండి. అక్కడి శివలింగం దాదాపు అయిదడుగుల ఎత్తు. లింగం మీదే వేటగాడిలా శివుడు నిలబడి ఉంటాడు, చేతిలో పొట్టేలు, భుజం మీద గొడ్డలి, కాళ్ల కింద ఒక మరుగుజ్జు ఆకారం. 1911లో టి.ఏ. గోపీనాథరావు దీని గురించి లోకానికి చెప్పాడు. కాలం విషయంలో పండితులకి పడదు గానీ, క్రీస్తుకి పూర్వమే చెక్కిందని చాలామంది ఒప్పుకుంటారు. మన దేశంలో ఇప్పటికీ పూజలందుకుంటున్న అతి పాత శివలింగాల్లో ఇదొకటి.

ఆ గుళ్లో పల్లవుల, బాణుల, చోళుల కాలపు శాసనాలున్నాయి. ఇలాంటి శాసనాల్లో ఏముంటుంది? ఫలానా రాజు ఏలుబడిలో, ఫలానావాడు దీపానికో నైవేద్యానికో ఇంత భూమి ఇచ్చాడు, ఇంత బంగారం ఇచ్చాడు. దాత పేరు ఉంటుంది, వాళ్ల నాన్న పేరు ఉంటుంది, ఊరి పేరుంటుంది. దీపానికి నెయ్యి పోయించినవాడి లెక్క ఉంది గానీ, రెండు వేల ఏళ్ల నాడు ఆ గట్టి రాయిని అద్దంలా నునుపు చేసిన చెయ్యి లెక్క లేదు.

ఎందుకిలా? మా మామ చెప్పిందాన్ని బట్టీ, నేను చదివిందాన్ని బట్టీ, దీనికో సమాధానం ఉంది. అది తీసిపారేసే సమాధానం కాదు.

దేవతా విగ్రహం శిల్పి ఇష్టానికి చెక్కేది కాదు. కొలత ఉంటుంది. ముఖం పొడుగు ఒక తాళం, ఆ లెక్కన పెద్ద దేవతలకి దశతాళం. కన్ను ఎంత, ముక్కు ఎంత అన్నీ శాస్త్రం ప్రకారం. శిల్పి చివర్న చేసే పని కళ్లు తెరవడం. నయనోన్మీలనం అంటారు. అది అయ్యేదాకా అది రాయి. అయ్యాక దేవుడు. శిల్పిని సత్కరించి పంపించేస్తారు. ఆ తర్వాత దాన్ని ముట్టుకునే హక్కు అర్చకుడిది. అప్పటిదాకా గుండె మీద కాలేసి చెక్కినవాడు కూడా ఇక దూరం నుంచి దణ్ణం పెట్టుకోవాల్సిందే.

మామ అన్న మాట ఇదే. దేవుడి మీద సంతకం ఎవడు పెడతాడు? పెడితే అది దేవుడెలా అవుతుంది? ఈ వాదన నాకు నచ్చింది. అణచివేత అనో అన్యాయం అనో ఒక్క ముక్కలో తేల్చెయ్యడం కుదరదు. ఆ నమ్మకంలో ఒక అందం ఉంది.

కానీ..

*

కానీ పూర్వం అందరూ ఇలాగే ఉన్నారా అంటే, లేరు. ఇక్కడే నాకు చరిత్ర చదవడం వల్ల లాభం కనిపించింది.

పట్టదకల్లులో విరూపాక్షాలయం ఉంది. 8వ శతాబ్దం, చాళుక్యులది. దాన్ని కట్టిన గుండ అనే స్థపతి పేరూ, ఆయనకిచ్చిన బిరుదులూ ఆ గుడి శాసనంలోనే ఉన్నాయి. హొయసలుల గుళ్లలో శిల్పులు విగ్రహాల పీఠాల మీద ఏకంగా సంతకాలు పెట్టుకున్నారు. సోమనాథపురం కేశవాలయంలో మల్లితమ్మ అనే శిల్పి పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. 13వ శతాబ్దం మాట ఇది. దేవుడికి కోపం వచ్చిన దాఖలాలు లేవు :)

మన కృష్ణదేవరాయల దగ్గరికే రండి. ఆయన రాగి శాసనాల చివర్న శ్లోకాలు రాసిన సభాపతి పేరు, రేకు మీద అక్షరాలు చెక్కిన వీరణాచార్యుడి పేరు, ఆయన తండ్రి మల్లణ పేరు ఉంటాయి. మనం కోడ్ రాసి చెక్-ఇన్ చేస్తే లాగ్‌లో ఆథర్ పేరు పడినట్టు, అచ్చం అలాగే! అంటే ఒకే రాజు కొలువులో అక్షరాలు చెక్కినవాడి పేరు నిలిచింది, రాజు బొమ్మ పోసినవాడి పేరు నిలవలేదు. ఎందుకు? శాసనం అంటే చట్టం కాగితం. రేపు తగాదా వస్తే ఎవరు రాశారు, ఎవరు చెక్కారు అన్నది కావాలి. అక్కడ పేరు అవసరం. బొమ్మకి ఆ అవసరం పడలేదు.

ఇంకోటి. తెలంగాణలో రామప్ప గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడని శాసనం. శాసనంలో కట్టించినవాడి పేరే ఉంది. కానీ జనం నోట్లో ఆ గుడి ఎప్పుడూ రుద్రుడి గుడి కాలేదు. రామప్ప గుడే అయ్యింది. రామప్ప దాన్ని చెక్కిన శిల్పి అని జనం చెప్పుకుంటారు. రాతి మీద రాయనిదాన్ని జనమే నోటితో రాసుకున్నారు. దేవుడి పేరునో రాజు పేరునో కాకుండా శిల్పి పేరున పిలిచే గుళ్లు ఎన్నుంటాయి చెప్పండి!

కాబట్టి 'మన సంప్రదాయంలో శిల్పికి పేరుండదు' అనేది సగం నిజం. కావాలనుకున్నచోట పెట్టుకున్నారు. అడిగినచోట నిలిచింది.

ఇప్పుడు నా అసలు ప్రశ్న. గుళ్లో దేవుడి మీద సంతకం వద్దు, సరే, ఒప్పుకున్నా. మా ఆఫీసు ఏనుక్కి ఎవరూ కళ్లు తెరిపించలేదే? దానికి ప్రాణప్రతిష్ఠ జరగలేదే? అది లాన్‌లో బొమ్మ. దానికి ఏ శాస్త్రం అడ్డొచ్చింది?

ఏదీ అడ్డురాలేదు. గుళ్లో భక్తితో వచ్చిన మౌనాన్ని మనం తోటలోకి ఊరికే మోసుకొచ్చేశాం. కాంట్రాక్టరుకి అది బాగా కలిసొచ్చింది, అంతే.

*

జపాన్ ఆయన ఎందుకు రెండోసారి అడిగాడో వెతికితే, ఒక ఊరు దొరికింది. ఉబె. జపాన్‌లో యమగుచి ప్రాంతంలో ఉంటుంది. బొగ్గు గనులు, సిమెంటు ఫ్యాక్టరీల ఊరు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అక్కడ గాల్లో దుమ్ము ఎంత ఉండేదంటే, ప్రపంచంలోనే ఘోరమైన దుమ్ము ఊళ్లలో ఒకటిగా లెక్క. ఊరివాళ్లూ, మున్సిపాలిటీవాళ్లూ, ఫ్యాక్టరీలవాళ్లూ కలిసి కూర్చుని దుమ్ము తగ్గించే పని పెట్టుకున్నారు. చెట్లు నాటారు, పూలమొక్కలు వేశారు. 1950ల చివర్లో ఆ మొక్కల డబ్బుల్లో కొంత మిగిల్చి, ఒక పాత ఫ్రెంచి శిల్పానికి నకలు కొని రైల్వే స్టేషన్ ముందు పెట్టారు. జనానికి అది తెగ నచ్చింది. అలాంటప్పుడు నకళ్లెందుకు, మనవాళ్ల చేతే చేయిద్దాం అనుకున్నారు.

1961లో ఊరి పార్కులో ఆరుబయట శిల్ప ప్రదర్శన పెట్టారు. అదే తర్వాత రెండేళ్లకోసారి జరిగే పోటీ అయ్యింది. ఇప్పటికీ జరుగుతోంది. శిల్పులు ముందు చిన్న నమూనా పంపుతారు. అందులో ఎంపికైనవాటిని పూర్తి సైజులో చేసి చెరువు పక్కన పార్కులో నిలబెడతారు. బహుమతి వచ్చినవాటిని ఊరే కొనుక్కుని రోడ్ల పక్కన, స్కూళ్ల దగ్గర, పార్కుల్లో పెట్టుకుంటుంది. ఫ్యాక్టరీల దుమ్ములోంచి పుట్టిన ఊరు ఇప్పుడు శిల్పాల ఊరని పేరు తెచ్చుకుంది.

ఉబె కంటే ముందే లండన్ వాళ్లు ఈ పని చేశారు. 1948లో, యుద్ధం దెబ్బలు ఇంకా మానకముందే, బాటర్సీ పార్కులో చెట్ల కింద శిల్పాలు పెట్టి జనాన్ని పిలిచారు. హెన్రీ మూర్, బార్బరా హెప్‌వర్త్ లాంటివాళ్లు చేసినవి. మూర్ చెక్కిన ముగ్గురు ఆడవాళ్ల బొమ్మ ఇంకా ఆ పార్కులోనే ఉంది. అంతదూరం ఎందుకు, మనకి రెండు మూడు గంటల దారిలో, చెన్నై అవతల మహాబలిపురం రోడ్డులో చోళమండలం ఉంది. 1966లో కె.సి.ఎస్. పణిక్కర్ నాయకత్వంలో చిత్రకారులూ శిల్పులూ కలిసి కట్టుకున్న ఊరు. అక్కడ కూడా చెట్ల కింద శిల్పాలుంటాయి. ఇది చేసింది ఫలానావాడు అని చెప్పగలరు.

వీటన్నిట్లో నాకు పట్టిన విషయం శిల్పం గొప్పతనం కాదు. నిజం చెప్పాలంటే ఆ మోడరన్ శిల్పాల్లో సగం నాకు అర్థం కావు. నాకు పట్టింది చాలా చిన్న విషయం. పోటీ అంటే ఎంట్రీ ఫారం ఉంటుంది. ఎంట్రీ ఫారంలో మొదటి గడి 'పేరు'. అక్కడ కాంట్రాక్టరు పేరు రాయడం కుదరదు. ప్రైజు ఇచ్చేటప్పుడు స్టేజీ మీదకి ఒక మనిషిని పిలవాలి. మర్నాడు పేపర్లో ఒక మనిషి ఫొటో రావాలి. వెయ్యేళ్ల అలవాటుని మార్చడానికి పెద్ద ఉద్యమం అక్కర్లేదు, ఒక ఫారం చాలు.

*

ఇక శ్రీ సిటీ. 2008లో మొదలైంది. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో మెట్ట భూములు, చెరువులు ఉండే చోట ఇప్పుడు ఫ్యాక్టరీలు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక తిరుపతి జిల్లాలోకి వచ్చాం. ట్రిపుల్ ఐటీ ఉంది, యూనివర్సిటీ ఉంది, ఏసీలు తయారవుతాయి, చాక్లెట్లు తయారవుతాయి, ట్రక్కులు తయారవుతాయి. ప్రతి గేటు లోపలా ఒక లాన్, చాలా లాన్లలో ఏదో ఒక బొమ్మ.

ఇటు ఏర్పేడు దగ్గర మాధవమాలలో ఊరంతా కొయ్య చెక్కేవాళ్లే. గుడి తలుపులు, వాహనాలు, దేవుళ్ల బొమ్మలు చేస్తారు. తిరుపతిలో ఏటా శిల్ప సంస్థ నుంచి డిప్లొమాలతో పిల్లలు బయటికొస్తున్నారు. శ్రీకాళహస్తిలో కలంకారీ ఉంది. ఇంతమంది చేతి పనివాళ్లు బస్సు దూరంలో ఉన్న పారిశ్రామికవాడ దేశంలో ఇంకెక్కడుంటుంది? ఉబె వాళ్లు ప్రైజులు పెట్టి ఎక్కడెక్కడి నుంచో శిల్పుల్ని పిలిపించుకున్నారు. మనకి పిలవక్కర్లేదు, పక్క ఊళ్లలోనే ఉన్నారు. తిరుమలలో బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులు ఎలాగూ ప్రదర్శన ఉంది. ఇక్కడ కంపెనీలన్నీ కలిసి రెండేళ్లకోసారి ఒక తోట శిల్పాల పోటీ పెడితే, గెలిచినవాటిని కొని లాన్లలో నిలబెడితే, ఎలాగూ పెట్టే లాండ్‌స్కేపింగు ఖర్చులో ఇదెంత?

'మన కోడ్ మీద మాత్రం మన పేరుంటుందా, కంపెనీదే కదా' అని మీలో కొందరు అంటారని తెలుసు. నిజమే. కానీ మనకి రెజ్యూమే ఉంది. ఫలానా ప్రాజెక్టులో ఫలానా మాడ్యూలు నేను రాశానని ఇంటర్వ్యూలో చెప్తే నమ్ముతారు, లేదంటే పాత మేనేజరుని అడుగుతారు. మా మామ రెజ్యూమే ఆయన ఫోన్‌లో ఫొటోలు. ఆ ఫోన్ రెండేళ్ల కిందట నీళ్లలో పడింది. ఏడెనిమిదేళ్ల పని మొత్తం పోయింది. బ్యాకప్ తీసి పెట్టలేకపోయిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు మేనల్లుణ్ని నేనే.

ఆ తర్వాత ఒకచోట గోపురం పనికి వెళ్తే, నువ్వింతకు ముందు ఏం చేశావయ్యా అని అడిగారట. మామ చెప్పాడు. చూపించు అన్నారు. చూపించడానికేం లేదు. ఆ పని వేరేవాళ్లకి పోయింది. పేరు లేకపోతే పోయేది కీర్తి కాదు, తర్వాతి పని. ఈ తేడా నాకు అప్పుడు తెలిసింది.

పోయిన నెల ధైర్యం చేసి మా ఆఫీసులో అడ్మిన్ వాళ్లని అడిగాను. ఏనుగు పీఠం మీద చిన్న రేకు ఒకటి పెడదాం, చేసినవాడి పేరూ ఊరూ, అంతే అని. "చూద్దాం" అన్నారు. మెయిల్ పెట్టమన్నారు, పెట్టాను. రెండుసార్లు గుర్తు చేశాను. ఈసారి మాత్రం మెయిల్‌లో సబ్జెక్టు దగ్గరే రాశాను, 'మా మామ చేసిన ఏనుగు గురించి' అని. సీసీలో మేనేజరు కూడా ఉన్నాడు. సిగ్గెయ్యలేదు.

ఈ సంగతి మామకి ఫోన్లో చెప్పాను. ఏదో కళ్లల్లో నీళ్లు తిరుగుతాయనుకుంటే, ఆయన కాసేపాగి, "పేరొకటే ఎందుకురా అల్లుడూ, పక్కన ఫోన్ నంబరు గూడా ఎయ్యించు. ఎవురన్నా జూస్తే పనొస్తాది" అన్నాడు. తర్వాత మామూలుగానే అడిగాడు, "చెవి దగ్గర రంగు లేచిపోతా ఉండె, ఎట్లుండాది ఇప్పుడు?"

నాకు తెలీదు. రోజూ దాని చుట్టూ తిరుగుతున్నా ఎప్పుడూ చెవి చూడలేదు. మర్నాడు వెళ్లి చూశాను. నిజంగానే కుడి చెవి వెనక అరచేతి మందాన లేచిపోయి ఉంది.

మీ క్యాంపస్ లాన్‌లో కూడా ఏదో ఒక బొమ్మ ఉండే ఉంటుంది. హైదరాబాదైనా, బెంగుళూరైనా, చెన్నై అయినా. ఈసారి టీ తాగడానికి బయటికొచ్చినప్పుడు, అది చేసిందెవరో కనుక్కోండి. కంపెనీ పేరు చెప్తే ఆగకండి. మనిషి ఎవరని రెండోసారి అడగండి.